మా ఇంటికి డంప్‌స్టర్ వచ్చింది

మన సంఘం పిక్నిక్కులో నలుగురం కలిశామంటే మాటలు ఎక్కడ మొదలైనా చివరికి ఇంటి మరమ్మతుల దగ్గరికే చేరతాయి. ఒకరింట్లో బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చాయి. ఒకరింట్లో నడి జనవరిలో ఫర్నేస్ ఆగిపోయింది. ఇంకొకరి చెట్టు పక్కవాళ్ళ కంచె మీద పడింది. వింటూ తలాడించడం ఇన్నాళ్ళూ మా వంతు. ఇప్పుడు చెప్పుకునే వంతు వచ్చింది. మొన్న మాటల్లో ఈ సంగతి చెబితే సంపాదకులు "అదేదో రాసివ్వండి, నలుగురికీ పనికొస్తుంది" అన్నారు. అందుకని ఈ నాలుగు పేజీలు.

మేమంటే మేమిద్దరం. గుంటూరు మెడికల్ కాలేజీలో ఒకే బ్యాచ్‌లో చదివి, ఇక్కడికొచ్చి మళ్ళీ పరీక్షలు రాసి, రెసిడెన్సీలు చేసి, డిట్రాయిట్ శివార్లలో చెరో ఆసుపత్రిలో పనిచేస్తున్న దంపతులం. ఇంకా నలభై దాటలేదు. 2020లో ఒక పాత ఇల్లు కొన్నాం. 1967లో కట్టింది. కొనేటప్పుడు వంటిల్లు చూశాం, స్కూళ్ళు చూశాం, ఆసుపత్రికి ఎన్ని నిమిషాలో చూశాం. తలెత్తి కప్పు మాత్రం చూడలేదు.

2023 ఫిబ్రవరిలో పడకగది సీలింగు మీద ఒక మరక కనిపించింది. మొదట శ్రీలంక అంత ఉండేది. ఉగాది నాటికి ఆంధ్రప్రదేశ్ అంత అయింది. వానే లేదు, నీళ్ళెక్కడివి అని ఆశ్చర్యపోయాం. తర్వాత తెలిసింది కారణం. అటక మీది వేడికి కప్పు మీది మంచు అడుగునుంచి కరుగుతుంది. ఆ నీరు జారి చూరు దగ్గరికి వస్తుంది. చూరు గోడకి బయట ఉంటుంది కనుక దాని కింద వేడి ఉండదు. అక్కడ నీరు మళ్ళీ గడ్డకడుతుంది. అలా గట్టు కట్టుకుంటూ పోతే, వెనక వచ్చే నీటికి దారి లేక షింగిల్స్ కిందికి ఎగదన్ని, మేకుల కంతల్లోంచి ఇంట్లోకి దిగుతుంది. మురుక్కాలవకి అడ్డం పడితే నీళ్ళు మళ్ళోకి ఎగదన్నవూ, అలాగే. కప్పు చూసినాయన "షింగిల్స్ ఆయుష్షు తీరిపోయింది, మొత్తం పీకి కొత్తవి వెయ్యాల్సిందే" అన్నాడు.

మే నెలలో నాన్నగారు వచ్చారు. (ఎవరి నాన్నగారు అని అడక్కండి. ఇద్దరం అలాగే పిలుస్తాం.) డెబ్భై ఒకటో ఏడు. తెనాలి దగ్గర పల్లెటూరు. పంచాయతీరాజ్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. కల్వర్టులూ స్కూలు బిల్డింగులూ కొలిచి, ఎం-బుక్కులో రాసిన చెయ్యి. అమ్మ పోయాక ఇదే మొదటిసారి రావడం. పదిహేనేళ్ళుగా షుగరు. మాత్రలు డబ్బాల నిండా తెచ్చుకున్నారు.

కప్పు మారుస్తున్నామంటే ఆయనకి హుషారొచ్చింది. ఆయన చిన్నప్పుడు వాళ్ళది తాటాకు ఇల్లు. రెండు మూడేళ్ళకోసారి వేసవిలో పాత ఆకు దింపి కొత్త ఆకు నేయించేవారు. దింపిన ఆకు కొంత పొయ్యిలోకి, పుచ్చిపోయింది పెంటపోగు మీదికి. తర్వాత బెంగుళూరు పెంకుల ఇల్లు. పెంకు పగిలితే ఆ ఒక్క పెంకే మార్చడం, పగిలిన ముక్కలు వీధిలో గుంటలు పూడ్చడం. "కప్పు దింపితే చెత్తేముంటుంది?" అని ఆయన ప్రశ్న.

ఇక్కడ ఉండేదంతా చెత్తే. ఈ తారు షింగిల్స్ పుట్టిల్లు మన మిషిగనే. 1903లో గ్రాండ్ రాపిడ్స్‌లో హెన్రీ రేనాల్డ్స్ అనే కప్పుల కాంట్రాక్టరు, చుట్టలుగా వచ్చే తారు అట్టని ముక్కలుగా కోసి వెయ్యడం మొదలుపెట్టాడు. చవక, తేలిగ్గా వేయొచ్చు. దేశమంతా పాకింది. కానీ ఇరవై, ముప్ఫై ఏళ్ళకి పీకి పారెయ్యాలి. పొయ్యిలో పెట్టడానికి లేదు, పెరట్లో పూడ్చడానికి లేదు. కొన్నిచోట్ల పొడిచేసి రోడ్డు తారులో కలుపుతారు గానీ ఎక్కువ భాగం పూడికకే పోతుంది. ఈ దేశంలో ఏటా కోటి టన్నులకి పైగా పాత షింగిల్స్ ఇళ్ళ మీంచి దిగుతాయి. వాటిని మొయ్యడానికే డంప్‌స్టర్.

ఆ పేరుకీ ఒక కథ ఉంది. టెనెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో జార్జ్ డెంప్‌స్టర్ అని ఒకాయన ఉండేవాడు. యవ్వనంలో పనామా కాలవ తవ్వకంలో పనిచేశాడు. 1930లలో అన్నదమ్ములతో కలిసి, ఇనప డబ్బాని లారీయే ఎత్తి మోసుకుపోయి కుమ్మరించే ఏర్పాటు కనిపెట్టాడు. తన పేరునీ 'డంప్' అనే మాటనీ కలిపి దానికి పేరు పెట్టాడు. తర్వాత ఆ ఊరికి మేయరయ్యాడు. ఇంగ్లండులో ఉన్న మన స్నేహితులు ఇలాంటి డబ్బానే స్కిప్ అంటారు. నాన్నగారికి ఇది చెబితే "చెత్తడబ్బాకి ఇంటిపేరు పెట్టించుకున్నాడన్నమాట" అన్నారు.

ముగ్గురు కాంట్రాక్టర్లు వచ్చి ధర చెప్పారు. మేం ఒప్పుకున్నాయన కాగితంలో చెత్త ఎత్తివేతకి విడిగా 950 డాలర్లు వేశాడు. అక్కడ పుట్టింది మా బుద్ధి. మేమే డంప్‌స్టర్ అద్దెకి తెచ్చుకుంటే? ఫోన్ చేసి కనుక్కుంటే 20 గజాలది వారం రోజులకి 520 డాలర్లు, 3 టన్నుల బరువుదాకా అందులోనే, ఆపైన టన్నుకి 80 చొప్పున అన్నారు. అంటే 430 మిగులు. చదువుకున్నవాళ్ళం కదా, కాగితం తీసుకుని లెక్క వేశాం.

ఆ లెక్క మీకూ పనికొస్తుంది కనుక వివరంగా చెబుతాం. కప్పుల వాళ్ళు 100 చదరపు అడుగులని ఒక 'స్క్వేర్' అంటారు. మా కప్పు 24 స్క్వేర్లు. పాత రకం షింగిల్స్ స్క్వేరుకి సుమారు 240 పౌన్లు తూగుతాయి. 24ని 240తో హెచ్చిస్తే 5,760 పౌన్లు. ఇక్కడి టన్ను 2,000 పౌన్లు. అంటే 2.88 టన్నులు. మూడు లోపలే! నాన్నగారు దాన్ని కిలోల్లోకి మార్చి, డెబ్భై అయిదు కిలోల ధాన్యం బస్తాలు 35 అని తేల్చారు. మన నెత్తిమీద 35 బస్తాలు పెట్టుకుని పడుకుంటున్నామా అని నవ్వుకున్నాం.

ఇక చోటు. 20 గజాలంటే ఘనపు గజాలు. డబ్బా పొడవు ఇరవై రెండు అడుగులు, వెడల్పు ఏడున్నర, ఎత్తు నాలుగు పైచిలుకు. షింగిల్స్ బరువు జాస్తి, చోటు తక్కువ. ఒక ఘనపు గజంలో మూడు స్క్వేర్లు పడతాయి. కనుక మా 24 స్క్వేర్లకి 8 గజాలు చాలు. సగం డబ్బా కూడా నిండదు. మిగతా సగం ఖాళీగా పంపడమెందుకు? బేస్‌మెంట్ ఖాళీ చేద్దామనుకున్నాం. చూశారా, ఒక ఆదా ఇంకో ఆదాని ఎలా కంటుందో!

బుధవారం పొద్దున్నే లారీ వచ్చింది. నాన్నగారు చొక్కా వేసుకుని అప్పటికే బయట నిలబడి ఉన్నారు. డ్రైవర్‌ని ఆపి, డబ్బా చక్రాలు ఆనేచోట ప్లైవుడ్ చెక్కలు పరిపించారు. ఆయనకి ఇంగ్లీషు అంతంత మాత్రం, డ్రైవర్‌కి తెలుగు అసలు రాదు. అయినా ఇద్దరికీ కాంక్రీటు సంగతి తెలుసు. ఆ చెక్కల వల్లే మా డ్రైవ్‌వే పగలలేదు.

ఆ సాయంత్రం బేస్‌మెంట్‌లోంచి మొయ్యడం మొదలుపెట్టాం. తడిసిన కార్పెట్టు, విరిగిన ట్రెడ్‌మిల్, మా పరీక్షల పుస్తకాలు మూడు పెట్టెలు, అమ్మాయి ఉయ్యాల, మూతలేని డబ్బాలు. రాత్రి పడేసినవి పొద్దున్నే గరాజ్‌లో కనిపించేవి! నాన్నగారు తెల్లవారుజామున లేచి, డబ్బా వెనక తలుపు తీసుకుని లోపలికెళ్ళి, పనికొస్తాయనుకున్నవన్నీ బయటికి తెచ్చేవారు. "ఈ పుస్తకాలు చదివేగా మీరు డాక్టర్లయింది, చెత్తలో వేస్తారా?" అని ఒకరోజు. "ఉయ్యాల చెక్క టేకు లాంటిది" అని ఇంకోరోజు. మేం ఆసుపత్రికి వెళ్ళే తొందరలో మళ్ళీ లోపల పడేసేవాళ్ళం. దీనికి తోడు రాత్రికి రాత్రి ఎవరో ఒక పరుపు తెచ్చి మా డబ్బాలో పడేసి పోయారు. ఈ దేశంలో ఖాళీ డంప్‌స్టర్ కనిపిస్తే ఊరందరికీ ఇల్లు సర్దుకోబుద్ధేస్తుంది కాబోలు.

గురువారం పనివాళ్ళు ఆరుగురు వచ్చారు. అందరూ స్పానిష్ మాట్లాడేవాళ్ళు. ఆరు అడుగుల ఎత్తు దాటితే తాడు కట్టుకుని పనిచెయ్యాలని ఇక్కడి కార్మిక భద్రతా నిబంధన. కట్టడం పనుల్లో చావులకి మొదటి కారణం పడిపోవడమే. ఆసుపత్రిలో అలా పడినవాళ్ళని చూసి ఉన్నాం కనుక, ఒక కుర్రాడు తాడు లేకుండా శిఖరం మీద తిరుగుతుంటే పెద్ద మేస్త్రితో చెప్పి కట్టించాం. పరాయి బిడ్డ విషయంలో మా వైద్య జ్ఞానం చక్కగానే పనిచేసింది. అది గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరమొస్తుంది.

పదింటికి పెద్ద మేస్త్రి ఫోన్ చేశాడు. షింగిల్స్ పీకితే కింద ఇంకో వరస షింగిల్స్ ఉన్నాయట! మాకంటే ముందున్న ఎవరో ఇంటివారు ఖర్చు కలిసొస్తుందని పాత కప్పు పీకకుండా దాని మీదే కొత్తది వేయించేశారు. పైనుంచి చూస్తే ఒక్క వరసే. రెండు పొరలు ఉన్నచోట మూడోది వెయ్యడానికి ఇక్కడి కట్టడపు నిబంధనలు ఒప్పుకోవు, అంతా దింపాల్సిందే. మా 35 బస్తాలు 70 అయ్యాయి. కింది పొర కింద చూరు వెంట ప్లైవుడ్ పుచ్చిపోయి ఉంది. అదీ డబ్బాలోకే.

శుక్రవారం సాయంత్రానికి కొత్త కప్పు తయారైంది. చూరు దగ్గర మంచునీరు దిగకుండా, గోడ దాటి లోపలికి రెండడుగుల దాకా జిగురు పొర అతికించారు. చూడముచ్చటగా ఉంది. డబ్బా మాత్రం గోపురంలా అంచుకి పైన లేచింది. శనివారం లారీ వచ్చింది. డ్రైవర్ ఒకసారి చుట్టూ తిరిగి చూసి, అంచు దాటితే రోడ్డెక్కించడానికి లేదు, పైగా బరువు అనుమానంగా ఉంది అని ఖాళీ చేతులతో వెళ్ళిపోయాడు. వచ్చి పోయినందుకు 125. పైనది దించి, సోమవారం 10 గజాల ఇంకో డబ్బా తెప్పించడం తప్పలేదు.

మా ఆదా లెక్క ఇలా తేలింది. మొదటి డబ్బా 520. అది 4.4 టన్నులు తూగింది, ఎక్కువైన 1.4 టన్నులకి 112. తిప్పి పంపినందుకు 125. రెండో డబ్బా 430, దాని మీద అదనపు బరువుకి 16. మొత్తం 1,203 డాలర్లు. కాంట్రాక్టరు అడిగింది 950. 430 మిగులుతాయనుకుంటే 253 ఎదురు పెట్టాం. పైగా తర్వాత చూస్తే, ఆయన కాగితంలోనే చిన్న అక్షరాల్లో 'ఎన్ని పొరలున్నా' అని ఉంది. మేం చదవలేదు. మందుసీసాల మీది చిన్న అక్షరాలు చదివే వృత్తి మాది!

కథ ఇక్కడితో అయిపోతే నవ్వుకుని ఊరుకునేవాళ్ళం. ఇది రాయాలనుకున్నది మిగతా దానికోసం.

ఇంకో చిన్న లెక్క. ఒక స్క్వేరుకి పాత రకం షింగిల్స్ 80 పడతాయి. ఒక్కోదానికి నాలుగు మేకులు. 24 స్క్వేర్లకి 7,680. రెండు పొరలకి 15,000 పైచిలుకు. అన్నీ అంగుళం, అంగుళంపావు పొడవున్నవి, తల వెడల్పు, మొన సూది. ఇవన్నీ ఒకటిన్నర రోజుల్లో మా ఇంటి మీంచి కిందికి దిగాయి. పనివాళ్ళు వెళ్ళేటప్పుడు చక్రాల అయస్కాంతం పెరడంతా దొర్లించి బకెట్టెడు ఏరారు. కానీ శనివారం డబ్బా పైది దించినప్పుడు మళ్ళీ రాలినవాటి సంగతి మాకు తోచలేదు.

నాన్నగారికి తోచింది. శనివారం మధ్యాహ్నమంతా ఒక కాఫీ డబ్బా పట్టుకుని, డ్రైవ్‌వే మీదా గడ్డిలోనూ మేకులు ఏరుతూ కూర్చున్నారు. మనవరాలు చెప్పుల్లేకుండా తిరుగుతుంది కదా అని. ఆయన కాళ్ళకి ఇంటినుంచి తెచ్చుకున్న హవాయి చెప్పులు. సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని, మాతో కలిసి భోంచేసి, టీవీ చూసి పడుకున్నారు. డబ్బాలో 212 మేకులని లెక్క కూడా చెప్పారు.

ఆదివారం పొద్దున అమ్మాయి వంటింట్లోకి వచ్చి "తాతయ్యా, నీ కాలికి ఏమైంది?" అంది. తెల్ల టైల్స్ మీద దేవుడి గూటి దాకా ఎర్రటి చుక్కలు. నాన్నగారు కిందికి చూసి, మాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయారు. కుడి పాదం బొటనవేలి మొదట్లో, అరికాల్లో చిన్న కంత. బయట ఉన్న చెప్పు తిరగేసి చూస్తే అందులో మేకు ఇంకా దిగబడే ఉంది. ఆ మేకు మీదే ఆయన ఎంతసేపు నడిచారో ఆయనకే తెలియదు. నొప్పే లేదు మరి.

ఇంట్లో ఇద్దరం డాక్టర్లం. ఇద్దరం ఆ పాదం పట్టుకుని మౌనంగా కూర్చున్నాం. నొప్పి లేదంటే అర్థమేమిటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వారానికి పదిమంది పేషెంట్ల సాక్సులు విప్పించి, నైలాన్ పోగు అరికాలికి తాకించి "తెలుస్తోందా?" అని అడుగుతాం. షుగరు ఉన్నవాళ్ళకి ఏడాదికొక్కసారైనా పాదాలు పరీక్ష చెయ్యాలని ప్రతివాళ్ళకీ చెబుతాం. నాన్నగారితో మూడేళ్ళుగా రోజూ ఫోన్లో మొహం చూసి మాట్లాడుతున్నాం. ఫోన్లో మొహం కనిపిస్తుంది, పాదం కనిపించదు. వచ్చి నెలరోజులైంది, షుగరెంతుందని అడిగాం, మాత్రలున్నాయా అని అడిగాం. ఒక్కరోజైనా కాలు చూపించమని అడగలేదు.

ఆ పూటే నైలాన్ పోగు తెచ్చి తాకించాం. కళ్ళు మూసుకున్నారు. తాకిన చోట్లలో సగానికి పైగా ఆయన నోరు మెదపలేదు.

"ఎన్నాళ్ళనుంచి నాన్నగారూ?"

"రెండేళ్ళయిందేమో. దూది మీద నడిచినట్టుంటుంది. వయసుకి అంతేలే అనుకున్నా."

"మాకెందుకు చెప్పలేదు?"

"పొద్దస్తమానం జబ్బులు చూసి అలిసిపోయి ఇంటికొస్తారు. ఇంట్లో కూడా ఒక పేషెంటా?"

దానికి మా దగ్గర జవాబు లేదు.

ఆదివారమే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. ఎక్స్‌రేలో ఇనప ముక్క ఏదీ లేదు. టీటీ మాట వచ్చింది. "మొన్న బండి మీంచి పడ్డప్పుడు వేశారు" అన్నారు నాన్నగారు. కానీ అసలు మొదటి మూడు డోసులూ పడ్డాయో లేదో తెలియని వాళ్ళకి, మురికి గాయమైతే, టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇస్తారు. రెండూ ఇచ్చారు. యాంటీబయాటిక్స్ రాశారు. అయినా మంగళవారానికి పాదం ఎర్రబడి వాచింది, జ్వరం వచ్చింది. చెప్పు రబ్బరులోంచి దిగిన మేకుతో కొన్ని మొండి సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. షుగరు ఉన్న పాదంలో అవి ఎముక దాకా వెళ్ళాయంటే వేలు తీసెయ్యాల్సి వస్తుంది. ఆయన్ని చేర్చి, గాయం తెరిచి కడిగారు. నాలుగు రోజులు సెలైన్ లోంచి మందులు. ఎముకకి తగల్లేదని ఎమ్మారై చూసి చెప్పేదాకా మేం మంచం పక్కన ఎలా కూర్చున్నామో మా సహోద్యోగులకే తెలుసు. ఆ మంచానికి ఆ వైపు కూర్చోవడం మాకు కొత్త.

విజిటర్ ఇన్స్యూరెన్స్ గొడవ క్లుప్తంగా చెబుతాం. పాలసీలో 'ముందునుంచీ ఉన్న జబ్బు' అనే మాట ఉంది. మేకు గుచ్చుకోవడం ప్రమాదం, షుగరు పాత జబ్బు. ఈ ఇన్ఫెక్షన్ దేని ఖాతాలోకి వస్తుందని నెలల తరబడి ఉత్తరాలు నడిచాయి. చివరికి కొంత వాళ్ళు, చాలావరకు మేము. ఆ అంకె ముందు డంప్‌స్టర్ దగ్గర పోయిన 253 డాలర్లు ఏపాటివి!

ఆరువారాలకి గాయం మానింది. నవంబరులో నాన్నగారు వెళ్ళేటప్పుడు మెత్తటి లోపలిభాగం ఉన్న బూట్లు వేసుకుని విమానం ఎక్కారు. హవాయి చెప్పులు మాత్రం రెండో డంప్‌స్టర్‌లోకి మేమే విసిరాం. వాటిని ఆయన తిరిగి తీసుకురాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. కప్పు మార్చాల్సిన వాళ్ళు మనలో చాలామంది ఉంటారు. పాత ఇళ్ళు కొన్నవాళ్ళం కదా. మా అనుభవం నుంచి ఈ ముక్కలు గుర్తుంచుకోండి.

1. ధర ఒప్పుకోకముందే, కప్పు అంచున ఒకచోట షింగిల్స్ ఎత్తించి ఎన్ని పొరలున్నాయో చూపించమనండి. రెండు నిమిషాల పని. పొరల సంఖ్యని బట్టే బరువు, బరువుని బట్టే డబ్బాలు, డబ్బాలని బట్టే ఖర్చు.

2. డంప్‌స్టర్‌ని చోటుతో కాక బరువుతో లెక్క వెయ్యండి. స్క్వేర్ల సంఖ్యని 240తో, మళ్ళీ పొరల సంఖ్యతో హెచ్చించి 2,000తో భాగిస్తే టన్నులు. మందపాటి కొత్త రకం షింగిల్స్ అయితే ఇంకా ఎక్కువ. తడిసిన చెక్క దానికి అదనం.

3. చెత్త ఎత్తివేత కాంట్రాక్టరు బాధ్యతలోనే ఉంచడం మేలు. మీరే తెచ్చుకుంటే ఎన్ని టన్నుల దాకా, ఎన్ని రోజులు, తిప్పి పంపితే ఎంత అని మూడూ కాగితం మీద రాయించుకోండి. టైర్లు, బ్యాటరీలు, పెయింటు, ఫ్రిజ్ లాంటివి అందులో వెయ్యనివ్వరు. వీధిలో పెట్టాలంటే ఊరి ఆఫీసులో పర్మిట్ కావాలి.

4. డబ్బా చక్రాల కింద చెక్కలు పరిపించండి. పైన కరెంటు తీగలూ కొమ్మలూ లేనిచోట, చూరుకి దగ్గరగా పెట్టించండి. రాత్రిళ్ళు టార్పాలిన్ కప్పండి, పరుపులు రాకుండా. ఇల్లు సర్దుకోవడానికి ఇంకో ముహూర్తం చూసుకోండి.

5. పనివాళ్ళకి ప్రమాద బీమా ఉన్నట్టు కాంట్రాక్టరు దగ్గర కాగితం అడిగి తీసుకోండి. తాళ్ళు కట్టుకుని పనిచేస్తున్నారో లేదో చూడండి.

6. అయస్కాంతం రెండుసార్లు దొర్లించమనండి. ఒకసారి పని అయ్యాక, ఇంకోసారి డబ్బా కదిలాక. వాన పడ్డాక మూడోసారి మీరే దొర్లించండి. ఆ వారమంతా ఇంట్లో ఎవ్వరూ మందపాటి బూట్లు లేకుండా బయట అడుగు పెట్టకూడదు. పిల్లలకి ఒకసారి చెబితే చాలు, పెద్దవాళ్ళకి పదిసార్లు చెప్పాలి.

7. చివరిది డంప్‌స్టర్‌కి సంబంధించింది కాదు. మీ ఇంటికి అమ్మానాన్నలు వస్తే, వచ్చిన వారంలోపే, బాత్‌రూమ్ గట్టు మీదో సోఫాలోనో కూర్చోబెట్టి సాక్సులు విప్పి అరికాళ్ళు చూడండి. వేళ్ళ సందులు చూడండి. కళ్ళు మూసుకోమని దూదితో తాకి తెలుస్తోందా అని అడగండి. దీనికి డాక్టరే కానక్కర్లేదు. తెలియడం లేదంటే డాక్టరుకి చూపించండి. ఇండియాలో ఉన్నవాళ్ళయితే, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఫోను కిందికి తిప్పి కాళ్ళు చూపించమనండి. నవ్వుతారు, "నీకేమన్నా పిచ్చా" అంటారు. అయినా చూపించమనండి.

ఇప్పుడు ఆదివారం ఆదివారం నాన్నగారు తెనాలినుంచి ఫోన్ చేస్తారు. ముందు పాదాలు చూపిస్తారు, తర్వాతే మొహం. "కొలత రాసుకున్నారా, ఎం-బుక్కు మూసెయ్యనా?" అని అడుగుతారు. ఆ తర్వాత తప్పకుండా మా కప్పు గురించి అడుగుతారు. కారడం లేదని చెబుతాం. గరాజ్ అరమీద ఆ కాఫీ డబ్బా, 212 మేకులతో, ఇంకా అలాగే ఉంది. అది పారెయ్యడానికి మాకు చెయ్యి రాలేదు. కప్పు పని పెట్టుకున్నవాళ్ళు ఎవరైనా మాకు ఫోన్ చెయ్యండి. అయస్కాంతం కొని ఉంచాం, ఎరువిస్తాం.